స్ప్రింగుకేం కాదు

జూలై 1, మంగళవారం

నూట నాలుగు రోజులు. అంతే నిలబడింది.

మార్చి 19న మా అబ్బా గుండెలో స్టెంటు వేశారు. ఈ పొద్దున పదిన్నరకు దుకాణంలో రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. నాగర్‌కర్నూల్ నుంచి మహబూబ్‌నగర్ దవాఖానకు అంబులెన్సులో తెచ్చారు. నేను వనపర్తిలో, కాలేజీలో, పిల్లలకు క్లాసు చెబుతున్నాను. బస్సు దిగి ఉరికొచ్చేసరికి లోపలికి తీసుకెళ్లిపోయారు. అమ్మీ బెంచీ మీద తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. నన్ను చూడగానే, "నీ సదువంత గా స్ప్రింగు మీదనే గద బేటా, జర లోపలికి పోయి సూడరాదు," అంది. నన్నెవరు పోనిస్తారు లోపలికి?

ఆమె అన్నది నిజమే. ఐదేళ్లుగా నా పీహెచ్‌డీ దాని మీదే. స్టెంటు అల్లిక మారితే ఒత్తిడికి ఎంత తట్టుకుంటుంది, ఎక్కడ వంగుతుంది, ఎక్కడ తెగుతుంది. కంప్యూటర్లో వందలసార్లు వంచాను, నలిపాను, మెలిపెట్టాను. ఈ నెల ఇరవై ఐదున వైవా. ఇప్పుడు మా ఇంటి మనిషి గుండెలోనే తెగి కూర్చుంది.

తెగింది. నాకు అనుమానం లేదు.

పరీక్షకు పెడితే నలభై కోట్ల దెబ్బలకు నిలబడాలి. పదేళ్ల గుండె చప్పుళ్లన్నమాట. ఇది కోటీ ఎనిమిది లక్షలకే చేతులెత్తేసింది. ఇక్కడే బెంచీ మీద కూర్చుని లెక్క వేశాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

ఈ నోటుబుక్కు థీసిస్‌ది. వెనక పేజీల్లో రాసుకుంటున్నా. మా ఇంట్లో ఉర్దూ ఎంతో తెలుగూ అంతే మాట్లాడతాం గానీ, అమ్మీ తెలుగు చదవలేదు, అబ్బా ఏదీ చదవలేడు. అదొక నిమ్మళం.

జూలై 2

రక్తం గడ్డ కట్టిందట. తీసేశారట. ప్రాణానికి భయం లేదు గానీ గుండె ముప్పై శాతమే కొడుతోందట. అన్నీ 'అట'లే. చెప్పింది డాక్టర్ సుమన. మార్చిలో స్టెంటు వేసింది కూడా ఈమే.

"గోలీలు రెండూ ఆపకుండా వేసుకుంటున్నారా?" అని అడిగింది.

వేసుకుంటున్నాడన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మొదటి మాటే గోలీల మీదికి పోయింది. తను వేసిన స్టెంటు సంగతి అడగదేం?

వేసుకుంటూనే ఉన్నాడు. వేసుకోకుండా ఎందుకుంటాడు?

జూలై 3

అబ్బా కళ్లు తెరిచాడు. నన్ను చూసి అడిగిన మొదటి మాట: "స్ప్రింగు తెగిందా?"

జూలై 4, శుక్రవారం

ఆపా, దూల్హాభాయి, అంటే మా అక్కా బావా, గద్వాల నుంచి వచ్చారు. దూల్హాభాయి రియాజ్‌కు పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు. కొట్టు చిన్నది, నోరు మాత్రం కలెక్టరాఫీసంత.

"గిది ఊకె ఇడిసిపెట్టేది కాదు ఉవైస్," అన్నాడు వస్తూనే. "నువ్వు ఇంజినీరువు. గది ఎట్ల ఖరాబైందో నువ్వు రాసియ్యి. తర్వాత నేను సూసుకుంట. డాక్టరమ్మతోని నీళ్లు తాగిపిస్త."

వాళ్లకు అర్థం కావాలని మెహజబీన్ ఆపా చేతి గాజులు ఆరు తీయించాను. వరుసగా నిలబెట్టి, స్టెంటంటే ఇదీ అని చెప్పాను. సన్నటి తీగెను వంకర్లు తిప్పి చేసిన గాజులు. గాజుకూ గాజుకూ మధ్య చిన్న చిన్న లింకులు. లింకులు ఎక్కువ పెడితే గట్టిగా ఉంటుంది, కానీ నరం మలుపులో వంగదు. రెండే పెడితే పాములా మలుపు తిరుగుతుంది, కానీ కొసను ఏదైనా నెట్టిందా, గాజులన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చుంటాయి. తీగె లావైతే బలం. సన్నమైతే నరం తొందరగా మానుతుంది, బలం తక్కువ. అబ్బాకు వేసింది సన్నతీగె, రెండు లింకులది. నేను ఐదేళ్లుగా మొత్తుకుంటున్నది దీని గురించే.

"మరి మార్చిలనే నువ్వెందుకు వద్దనకపోతివి?" అంది ఆపా.

మార్చిలో డబ్బా మీద పేరు చూసి 'మంచి డిజైను' అన్నది నేనేనట. ఆపాకు జ్ఞాపకశక్తి మరీ ఎక్కువ. గాజులు వేసుకోమన్నాను.

ఊళ్లో అందరూ 'స్టంటు' అంటారు. స్ప్రింగు అనేది అబ్బా ఒక్కడే, ఆయన నుంచి అమ్మీ. ముప్పై ఎనిమిదేళ్లుగా లారీలకూ ట్రాక్టరు ట్రాలీలకూ కమాన్ కట్టలు బిగించే మనిషి. బండి బరువంతా మోసే ఆ ఇనుప పట్టీల కట్టే ఆయనకు లోకం. మార్చిలో స్టెంటు బొమ్మ చూపిస్తే, "గిది మన కమానే గదరా, గుండ్రంగ జేసిండ్రు," అని మురిసిపోయాడు. నేను దిద్దలేదు. కాలేజీలో స్టాఫ్‌రూమ్‌లో చెప్పి అందరినీ నవ్వించాను కూడా.

దుకాణంలో అబ్బా ఒక్కో పట్టీని సుత్తెతో తట్టి చెవి పెట్టి వింటాడు. తెగిన పట్టీ బొంగురుగా మోగుతుంది. ఖంగుమందా, "ఏం గాలే, పోనియ్యి," అంటాడు డ్రైవరుతో. ఆయనకు తెలిసిన ప్రశ్న ఒక్కటే, పట్టీ తెగిందా లేదా అని. అదే ఇవాళ కూడా రెండుసార్లు అడిగాడు. చూస్తున్నానని చెప్పాను.

జూలై 6, ఆదివారం

నాగర్‌కర్నూల్ ఇంట్లో. బట్టలకని వచ్చాం. ఇవాళ పీర్ల పండుగ. గల్లీ అంతా డప్పులు. తలుపులు మూసి పని చేశాను.

దవాఖాన వాళ్లిచ్చిన యాంజియోగ్రామ్ సీడీ ఒక్కో బొమ్మా ఆపి చూశాను. నూట పన్నెండో బొమ్మలో, మధ్యలో ఒకచోట తీగె లేదు. ఎడం. దొరికింది! లేచి నిలబడ్డాను. వారం రోజుల్లో మొదటిసారి నాకు ఆకలి వేసింది. పాపం, అబ్బా అక్కడ మంచం మీద ఉంటే నేనిక్కడ ఎడం కనిపించిందని సంతోషపడ్డాను. ఉన్నదున్నట్టు రాయాలి కదా.

నూట పదమూడో బొమ్మలో తీగె కనబడుతోంది. గుండె కదిలినప్పుడు మసకయి ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నాలుగు పేజీల రిపోర్టు తయారైంది. అమ్మీ చాయ్ పెట్టి వెనకాల నిలబడింది.

"ఏం రాస్తున్నవ్?"

"తప్పు ఎవరిదో రాస్తున్నా."

"ఎవరిది?"

"నీకు అర్థం కాదులే అమ్మీ."

"నాకేం అర్థమైతది," అంటూ గిన్నెలు తోమడానికి పోయింది. పోతూ పోతూ, "ఆయిన గోలీలు ఇంట్ల లేవు. దుకాణంలనే చాయ్‌తోని ఏసుకుంటుండె. తెచ్చిపెట్టు," అంది. తర్వాత తెస్తానన్నాను.

జూలై 7

రిపోర్టు దూల్హాభాయికి పంపాను. చివర నా పేరు, డిగ్రీ, కాలేజీ.

జూలై 8

రిపోర్టు రాసింది డాక్టర్లను కూర్చోబెట్టి అడగడానికి. దూల్హాభాయి దాన్ని జెండాలా పట్టుకుని ఓపీ వరుస ముందు నిలబడ్డాడు. "తెగిన మాలు ఏసిండ్రు! మా బామ్మర్ది సైంటిస్టు, సబూతు ఇదిగో!" అని కేకలు. చూపించుకోవడానికి వచ్చిన ముసలివాళ్లు బెదిరిపోయి లేచి నిలబడ్డారు. ఒకాయన చీటీ పట్టుకుని వెళ్లిపోయాడు కూడా. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆపలేదు.

డాక్టర్ సుమన నన్నొక్కణ్నే లోపలికి పిలిచింది. కోప్పడుతుందనుకున్నాను. రిపోర్టు బల్ల మీద ఉంది. చదివినట్టుంది, పెన్సిలు గీతలు ఉన్నాయి.

"కూర్చోండి ఉవైస్ గారూ. ఇది చూడండి. ఆ రోజు నరంలోపలికి కెమెరా తీగె పంపి తీసింది. సీడీల ఇది లేదు."

తెర మీద నరం లోపలి బొమ్మలు. గాజు తర్వాత గాజు. నేను కంప్యూటర్లో గీసిన దానికంటే శుభ్రంగా ఉంది.

"లింకులు లెక్కపెట్టండి," అంది.

లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఒక్కటీ తెగలేదు. ఒక్క తీగె వంగలేదు. నా నూట పన్నెండో బొమ్మలోని ఎడం ఎక్కడా లేదు.

"రిపోర్టు మంచిగ రాసిండ్రు. కాని అది ఈ స్టెంటు గురించి కాదు," అందావిడ. "ఇది దాని పని అది చేస్తనే ఉంది. దాని మీద రక్తం గడ్డ కట్టింది. మూడు నెలలకే ఇట్ల కట్టిందంటే మేం మొదట అడిగేది గోలీలే. అడిగిన. వేసుకుంటున్నడని మీరే చెప్పిండ్రు."

"వేసుకుంటున్నాడు మేడం."

"అయితే పట్టీలు తెచ్చి చూపించండి."

గోలీల పట్టీలని ఆవిడ అర్థం. నాకు ఒక్క క్షణం మన దుకాణం పట్టీలు అనిపించింది. మెదడు పని చేయడం లేదు.

జూలై 9

దుకాణానికి పోయాను. తిమ్మాజిపేట కురుమూర్తి ఒక్కడే ఉన్నాడు. నా చిన్నప్పటి నుంచి అబ్బా పట్టీ పట్టుకుంటే సుత్తె కొట్టేది ఈయనే. కొలిమి ఆర్పేసి, గడప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఉస్తాద్ ఎట్లున్నడు సారూ?"

బాగానే ఉన్నాడని చెప్పి సొరుగు లాగాను. సెంటర్ బోల్టుల మధ్య గోలీల డబ్బా. రెండు పట్టీలు నిండుగా ఉన్నాయి. మూడోదాంట్లో నాలుగే చింపి ఉన్నాయి.

"అబ్బా ఇవి వేసుకోవట్లేదా?"

"గవా? గవి బందువెట్టి చాన దినాలాయె. పడిపోయే నాటికే ఇరవై దినాలు."

"ఎవరు ఆపమన్నారు?"

కురుమూర్తి బీడీ నోట్లోంచి తీసి నన్ను వింతగా చూశాడు. "గదేంది సారూ, నువ్వే గద! చెయ్యి తెగిన నాడు ఫోన్ల జెప్పలే? నేనే గద ఫోను పట్టుకున్న, ఉస్తాద్ చేతినిండ రక్తముండె. పట్టీ అంచు కోసుకుంటే గంటసేపు ఆగలే రక్తం. గుడ్డలు మీద గుడ్డలు సుట్టిన. గీ గోలీలు రక్తాన్ని నీళ్లు జేస్తున్నయ్, ఆపితే స్ప్రింగుకేమన్న అయితదా అని నిన్ను అడిగిండు. స్ప్రింగుకేం కాదు అంటివి. కోట్లో ఏందో లెక్క జెప్పితివి. ఉస్తాద్ నవ్వుకుంట, 'మావోడు జెప్పిండు, ఇంక ఫికరు లేదు' అని డబ్బ సొరుగుల ఏసిండు."

"అవునా," అన్నాను.

"అవును గద మరి. ఏమైంది సారూ, గట్ల కూసున్నవేంది? నీళ్లు తాగుతవా?"

జూలై 10

స్ప్రింగుకేం కాదన్నాను. కాలేదు కూడా. నేను చెప్పినదాంట్లో తప్పేముంది?

అదే రోజు, సాయంత్రం

గోలీలు ఆపమని నేను అనలేదు.

జూలై 11

జూన్ 11, సాయంత్రం నాలుగు. ఫోన్లో ఇంకా ఉంది. నలభై ఒక్క సెకన్లు.

స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. మూడు లింకుల మోడలు నడుస్తోంది, మూడుసార్లు ఆగిపోయి నాలుగోసారి ఎనభై శాతం దాటింది. కళ్లు తెర మీదే. అబ్బా ఏదో చెబుతున్నాడు. గోలీలు అన్నది వినలేదని రాద్దామనుకున్నాను. రాయడానికి ఎవరు అడ్డు? కానీ విన్నాను. గోలీలు అన్నాడు, రక్తం అన్నాడు, స్ప్రింగు అన్నాడు. నేను స్ప్రింగు ఒక్కటే పట్టుకున్నాను. నాకు తెలిసింది అదొక్కటే కనుక.

"స్ప్రింగుకేం కాదు అబ్బా. నలభై కోట్ల దెబ్బలకు నిలబడేటట్టు చేస్తారు. నీ కమాన్లు పనికిరావు దాని ముందు."

ఇదీ నేనన్నది. పక్క కుర్చీ అతను నవ్వాడు. నేనూ నవ్వాను. చెయ్యి ఎలా తెగిందని అడగలేదు.

లోపల ఇనుము పెట్టినప్పుడు రక్తం దాన్ని పరాయిదనుకుని అంటుకుంటుంది. నరం దాని మీద పొర కప్పుకునేదాకా, ఏడాదిపాటు, ఆ గోలీలే కాపలా. ఇది తెలియని వాణ్ని కాదు. నా థీసిస్ మొదటి అధ్యాయంలో మూడో పేజీలో ఉంది. ఎక్కడి నుంచో ఎత్తి రాసిన పేరా. తర్వాత రెండు వందల పేజీలు ఇనుము గురించి. నా అంత గాడిద ఈ జిల్లాలో లేడు.

దూల్హాభాయికి ఫోన్ చేసి రిపోర్టు తప్పు, చించెయ్యమన్నాను.

"ఏంది, డాక్టరమ్మ నిన్ను మెత్తగ జేసిందా?"

"లేదు. నేనే తప్పు చూశాను."

"పేపరోళ్లకు చెప్పిన, రేపు వస్తమన్నరు. ఇప్పుడు తప్పంటవా? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?"

అసలు సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆయనకెందుకు?

జూలై 12, శనివారం

చెప్పాను. అబ్బాకు.

అమ్మీ కిందికి చాయ్‌కి పోయింది. అబ్బాకు రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. రెండు మాటలకొకసారి ఆయాసం. గడ్డం పెరిగింది. ఎడమ అరచేతిలో జూన్ నాటి కోత, మానిన గీత.

"అబ్బా, స్ప్రింగు తెగలేదు."

"నాకెరికే. నువ్వు గట్టిదన్నంక ఎట్ల తెగుతది?"

"గోలీలు ఆపినందుకు రక్తం గడ్డ కట్టింది. ఆపొద్దని నేను చెప్పాల్సింది. నువ్వు అడిగావు. నేను సరిగా చెప్పలేదు."

కిటికీ వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. పదో తరగతిలో లెక్కల్లో తప్పితే కమాన్ పట్టీ పట్టుకుని గల్లీ చివరిదాకా తరిమిన మనిషి.

"నేనేమడిగిన?" అన్నాడు. "స్ప్రింగుకేమన్న అయితదా అని అడిగిన. కాదన్నవు. కాలే. నీది తప్పెట్లయితది? నాకు అడుగుడు రాలే బేటా. నాకేమన్న అయితదా అని అడగాల్సుండె."

ఆయన నవ్వుతున్నాడు, ఆయాసపడుతూ. ముప్పై శాతం గుండెతో నాకు మాఫీ ఇస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కొట్టినా బాగుండేది.

"ఇను," అన్నాడు. "డాక్టరమ్మకు నేనే బందువెట్టిన అని చెప్పు. నిన్ను అడిగినట్టు చెప్పకు. మీ అమ్మీకి అసలే చెప్పకు. ఇరవై అయిదుకు నీ పరీక్షుంది. గుండెల స్ప్రింగు సదివినోడు తండ్రికే గిట్ల జెప్పిండట అంటే నలుగురు నవ్వుతరు."

"అలా ఎలా అబ్బా?"

"ఎట్లేంది? నేను ఖాళీగనే ఉన్న. నన్ను సూసి నవ్వితే నాకేం నష్టం?"

వద్దు, నేనే చెబుతాను అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చిందని రాద్దామనిపిస్తోంది. రాలేదు. సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానో.

జూలై 13

పేపరోళ్లు రాలేదు. దూల్హాభాయి నాతో మాట్లాడటం లేదు.

జూలై 14, సోమవారం

ఇవాళ అబ్బాను ఇంటికి పంపించారు.

డాక్టర్ సుమన గారికి గోలీల పట్టీలు చూపించాను. దూల్హాభాయి చేసినదానికి క్షమాపణ చెప్పాను. ఆవిడ పట్టీలు తిప్పి చూసి, "ఎవరన్న ఆపమన్నరా?" అని అడిగారు. సూటిగా నా మొహంలోకి చూస్తూ అడిగారు.

"లేదు మేడం. తనే ఆపేశాడు. చెయ్యి తెగి రక్తం ఆగలేదని."

"ఇంట్ల ఎవరిని అడగలేదా?"

"లేదు."

ఆవిడ రాసుకున్నారు. పేషెంటు ఎవరినీ సంప్రదించకుండా సొంతంగా మందులు ఆపివేశారు. కింద పేషెంటు తరఫు మనిషి సంతకం అన్నచోట నా వైపు తిప్పారు. చేశాను.

బయట వరండాలో అబ్బాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. నర్సు అమ్మీకి గోలీలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెబుతూ, ఈసారి ఆపితే ప్రాణం దక్కదని, ఆపినందుకే ఇంత జరిగిందని చెప్పేసింది. అమ్మీకి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. అబ్బా కుర్చీ ముందుకొచ్చింది. అందుకుంది. రెండు వారాలు బెంచీ మీద అణుచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నీ అక్కల్ గడ్డి తిననీకి పోయిందా? ట్రాలీకి ఒక్క పట్టీ ఏసెటందుకు డ్రైవర్ను పదిసార్లడుగుతవు, ఎంత లోడు, ఏ దారి అని. నీ పానం మీదికొచ్చినప్పుడు నోరు పడిపోయిందా? ఇంట్ల గింత సదివిన కొడుకుండె. ఆపేముంగట వాన్ని ఒక్కమాట అడగొద్దా?"

వరుసలో కూర్చున్నవాళ్లు తిరిగి చూస్తున్నారు. అబ్బా తల వంచుకున్నాడు. నా వైపు చూడలేదు.

"యాది రాలే," అన్నాడు.

"యాది రాలేదంట! ఒక్క ఫోను. అడిగితే వాడు చెప్పకపోతుండెనా?" అమ్మీ కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బేటా. అడిగితే చెప్పకపోతుంటివా?"

"చెప్పేవాణ్ని అమ్మీ," అన్నాను.